చంద్రుణ్ణి కొలిచినోళ్లకు గూడెం హద్దు కొలవడం రాదా?

చంద్రుడి మీద దిగిన యంత్రాన్ని అందరూ పొగుడుతున్నారు. దిగకుండా పైనుంచే చుట్టి చుట్టి కొలిచినదాని సంగతి మనం మాట్లాడుకోవాలి. ఎందుకంటే కొలత మన సమస్య.

2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి ఇస్రో చంద్రయాన్-1ను పంపింది. మనిషి లేడు, యంత్రమే. 100 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా, సుమారు రెండు గంటలకో చుట్టు. అది తిరిగొచ్చేసరికి కింద చంద్రుడు కొంచెం జరిగి ఉంటాడు. సాలు పక్కన సాలు దున్నినట్టు, 20 కిలోమీటర్ల వెడల్పు పట్టీలుగా ఫోటోలు తీసింది. ఒకే చోటును ముందునుంచి, నడినెత్తినుంచి, వెనకనుంచి చూసింది. అందుకే గుట్ట ఎత్తూ గుంట లోతూ లెక్కకొచ్చాయి. 5 మీటర్ల జాగా, అంటే మన గుడిసెపాటిది కూడా, దాని కంటికి ఆనింది. అందులోనే వెళ్లిన అమెరికా పరికరం చంద్రుడి మట్టిలో నీటి జాడ పట్టింది. రెండేళ్లు పనిచేయాల్సింది 2009 ఆగస్టు 29న మూగబోయింది. అయినా చేసిన పని చిన్నది కాదు.

ఖర్చు 386 కోట్లు. గూడేనికి నీళ్లివ్వకుండా చంద్రుడెందుకని కొందరు మిత్రులంటున్నారు. మేం ఒప్పుకోం. అగ్గిపెట్టె మీదా సబ్బుబిళ్ల మీదా మనం కట్టిన పన్ను అందులో ఉంది. ఆ విజ్ఞానం మనది. గ్రహణానికి రాహువు కథ చెప్పి మనల్ని అక్షరానికి దూరం పెట్టినోళ్ల సొత్తు కాదు. నీళ్లూ కావాలి, చంద్రుడూ కావాలి. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది.

అదే ఇస్రో 2005 మే 5న కార్టోశాట్-1ను పంపింది. అది మన నేలను 2.5 మీటర్ల దాకా చూసింది. ఇన్ని కళ్లున్న సర్కారు మన చేతిలో డి-ఫారం పట్టా పెట్టి, భూమి ఏదయ్యా అంటే "హద్దులు తేలలేదు, సర్వేయర్ ఖాళీ లేడు" అంటుంది. తేలకపోవడమా, తేల్చకపోవడమా? చంద్రుడి మీద ఆసామి లేడు. ఏ దేశమూ అది నాదనడానికి వీల్లేదని 1967 నాటి ఒప్పందమే ఉంది. ఇక్కడ గట్టు మీద ఆసామి నిలబడి ఉంటాడు. ఆయన్ని చూసి గొలుసు ఆగిపోతుంది.

రాకెట్ లేచిన దీవినే చూడండి. శ్రీహరికోట అడవినీ పులికాట్ చేపనూ నమ్ముకుని యానాదులు తరాలుగా బతికారు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక వాళ్లు తమ చోట్లు వదలాల్సొచ్చింది. చంద్రుడి మీది గుంటలకు పేర్లున్నాయి. ఆ యానాది గూడేల పేర్లు చెప్పగలిగేవాళ్లు ఎందరున్నారు?

ఈ పక్షం సంఘాలు ఒక పని చేయాలి. పట్టా ఉండీ భూమి చూపనివాళ్ల సర్వే నంబర్లు గూడెంవారీగా రాయండి. సర్వేయర్ను పంపి, మన కళ్లముందే కొలిచి, హద్దురాళ్లు పాతమని తహశీల్దారుకు అర్జీ పెట్టండి. రసీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు.