పాత బండికి క్రొత్త వడపోత

క్రిందటి నెల పప్పుధాన్యములకు పురుగు పట్టకుండ కాపాడుకొను విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ నెల వంటయిల్లు విడిచి వాకిటిలోనికి వచ్చెదము. అచ్చట మోటారు సైకిలు నిలిచియున్నది. "బండి మరమ్మతులతో మనకేమి పని?" యని కొందఱు నవ్వుకొనవచ్చును. నలమహారాజు అశ్వహృదయ మెఱిగినవాడగుటచేతనే ఋతుపర్ణుని రథమును ఒక్కనాటిలో విదర్భకు చేర్చెనని భారతమున చదువుకొన్నవారమే కదా! మన బండి హృదయమును అంతగా నెఱుగకున్నను, దాని గొంతున నేమి యడ్డుపడినదో తెలిసికొనుట మనకు అసాధ్యము కాదు.

మా వారు ఉపాధ్యాయులు. పాఠశాల మా యింటికి 14 కిలోమీటర్ల దూరమున నున్నది. వారి బండి పాతది, కార్బ్యురేటరు గలది. గడచిన కార్తికమాసమున ఒకనాటి ఉదయము చెఱువుకట్ట యెక్కుచుండగా అది ఉక్కిరిబిక్కిరియై ఆగిపోయెను. ఐదు నిమిషములు నిలిపి తన్నగా మఱల కదలెను; కొంత దూరము పోయి మఱల ఆగెను. మా వారు పాఠశాల చేరునప్పటికి ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులలో కూర్చుండియుండిరి. ఆలస్యముగా వచ్చిన పిల్లలను మందలించు తామే ఆలస్యముగా పోవలసివచ్చెనని వారు ఆ రాత్రి అన్నము కూడ సరిగా తినలేదు. మరమ్మతు చేయువాడు బండిని రెండు దినములు తనయొద్ద విడువుమనెను. అంత పని యున్నదా యని మేము ఆలోచింపసాగితిమి.

పెట్రోలు ట్యాంకునుండి తన బరువుచేతనే క్రిందికి దిగును. కుళాయి దాటి, సన్నని రబ్బరు గొట్టముగుండ ఫిల్టరను చిన్న వడపోతలో ప్రవేశించి, అచ్చట మట్టిని, తుప్పును విడిచి కార్బ్యురేటరులోని గిన్నెకు చేరును. ఆ గిన్నెనుండి ఇంజనుకు పోవు రంధ్రములలో సన్ననిది అర మిల్లీమీటరైనను ఉండదు. ఒక్క తుప్పురేణువు చాలు, దానిని మూసివేయుటకు. మనము పాలను వడగట్టుట నలకలకొఱకు. బండి పెట్రోలును వడగట్టుటయు అందులకే.

వడపోత పూడుకొనినప్పుడు బండి నిలుచున్న చోట చక్కగనే పలుకును. ఎత్తు ఎక్కునప్పుడును, వేగము హెచ్చినప్పుడును గిన్నెలోని పెట్రోలు త్వరగా ఖర్చగును; పైనుండి అంత వేగముగా దిగదు; ఇంజను ఆగిపోవును. కొంతసేపు నిలుపగా గిన్నె మెల్లగా నిండును, బండి మఱల కదలును. మా బండి నడత సరిగా ఇట్లే యుండెను. అయితే తొందరపడరాదు. ట్యాంకు మూతలో గాలి పోవుటకొక సన్నని దారి యుండును. అది మూసికొనిపోయినను ఇవే లక్షణములు కనిపించును. బండి ఆగినప్పుడు మూత నొకసారి తెఱచి మూయగనే కదలినచో దోషము మూతది. వడపోతను మార్చి ప్రయోజనము లేదు. మఱియొక మాట: పారదర్శకమైన వడపోత సగమే నిండి కనిపించినంతమాత్రమున అది చెడినదనుకొనరాదు. గొట్టము విప్పి చూచినప్పుడు ధార కట్టవలసిన పెట్రోలు బొట్లుబొట్లుగా రాలినచో అప్పుడు సందేహము తీరును.

ఇక మేము చేసిన తప్పును దాచక చెప్పెదము. మఱునాడు మా వారు క్రొత్త ఫిల్టరును తెచ్చుసరికి సంధ్యవేళ అయినది. తెల్లవారిన తరువాత చేయవచ్చునను ఓపిక లేక, పెరటిలో బండిని నిలిపి, గొట్టము విప్పి, క్రింద గిన్నె పెట్టితిమి. పది అడుగుల దూరమున తులసికోటయొద్ద మేమే వెలిగించిన కార్తికదీపము వెలుగుచుండెను. దీపమును వెలిగించిన చేతులే పెట్రోలును క్రిందికి వదలినవి. రెంటికిని గల పగ మాకు తోచలేదు. వాసన పసికట్టి అత్తగారు వడివడిగా వచ్చి, నోటమాట లేకుండ దీపమును కొండెక్కించిరి. కార్తికమాసమున, సంధ్యవేళ! మేము నివ్వెఱపోయితిమి. "అమ్మాయీ! దీపమును మఱల వెలిగించుకొనవచ్చును. ఇల్లంటుకొనిన ఆర్పువా రెవరు?" అని వారు మెల్లగా అనిరి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పొగవలె పైకి పోక, నేలను అంటి ప్రాకుచు దూరమున నున్న నిప్పును వెదకికొని పోగలదు. సున్నకు 40 డిగ్రీలు దిగువనున్న చలిలో సైతము నిప్పు తగిలిన అంటుకొనునంత ఆవిరి దానినుండి లేచును. కావున దీపము, అగరువత్తి, దోమల చుట్ట, గ్యాసు పొయ్యి, చుట్ట త్రాగు తాతగారు, వీనిలో నేదియు దరిదాపుల నుండరాదు. పగటివేళ, ఆరుబయట, ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే ఈ పని చేయవలెను.

మఱునాటి ఉదయము మేము చేసిన క్రమ మిది. మొదట తాళపుచెవిని తీసి పెట్టి, కుళాయిని మూసితిమి. వంటకు వాడని ఇనుప డబ్బా నొకదానిని క్రింద పెట్టి, ప్లేయరుతో క్లిప్పులను ప్రక్కకు జరిపి, గొట్టమును లాగక మెల్లగా మెలిపెట్టి విడదీసితిమి. గొట్టము కొనలు పగిలియున్నవి. వానికి బదులు పెట్రోలుకొఱకే చేసిన గొట్టమును అమర్చితిమి. నీళ్ల గొట్టము కొలది దినములలో బిఱుసెక్కి పగులును. ఫిల్టరుపై బాణపు గుర్తు ఉండును; దాని మొన కార్బ్యురేటరువైపు నుండవలెను. పాత ఫిల్టరును అంగడికి తీసికొనిపోయి సరిపోల్చి కొన్నచో కొలత తప్పదు. క్లిప్పులను యథాస్థానమున బిగించి, కుళాయిని తెఱచి, ఇంజనును నడుపకయే ఐదు నిమిషములు చూచితిమి. ఒక్క చెమ్మ చుక్కయు కనబడకున్న పిమ్మటనే తన్నవలెను. పెట్రోలు తుడిచిన గుడ్డను చెత్తబుట్టలో వేయక, నిప్పునకు దూరముగా ఆరుబయట ఆఱనిచ్చితిమి. పాత పెట్రోలును కాలువలో పోయక మరమ్మతు చేయువానికే ఒప్పగించితిమి.

పాత ఫిల్టరు ఆఱిన పిదప తెల్లకాగితముపై తట్టగా కుంకుమవలె ఎఱ్ఱని తుప్పు రాలినది. అనగా రోగము ట్యాంకులో నున్నది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు తేమను పీల్చుకొను గుణము గలది. పాత ట్యాంకులో అంటుకొనియున్న మడ్డిని కదల్చును. అందులకై చేయని పాత రబ్బరును మెత్తబఱచును. పాత బండ్లు గలవారు వడపోతతోపాటు గొట్టములను కూడ చూచుకొనవలెను. క్రొత్త ఫిల్టరు మఱల కొలది వారములలో పూడినచో ట్యాంకును కడిగింపక తప్పదు. భారత్ స్టేజి-6 నిబంధనలు వచ్చిన 2020 తరువాతి బండ్లలో చాలవానికి కార్బ్యురేటరు లేదు. వాని గొట్టములలో పెట్రోలు సుమారు 3 బార్ల ఒత్తిడితో నుండును. వానిని ఇంట విప్పరాదు.

తుదకు తల్లులకు ఒక్క విన్నపము. పెట్రోలును గొట్టముద్వారా నోటితో ఎన్నడును పీల్చరాదు, పీల్చనీయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయము. మిగిలిన పెట్రోలును మంచినీళ్ల సీసాలో పోసి మూల నుంచుట అనేక గృహములలో గల వాడుక. దప్పికగొన్న పసివాడు ఆ సీసాను గుర్తింపగలడా? పొరపాటున బిడ్డ త్రాగినచో వాంతి చేయింపరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మా బండి ఇప్పుడు చెఱువుకట్టను చక్కగా ఎక్కుచున్నది. మా వారు గంటకు ముందే పాఠశాల చేరుచున్నారు. మీరు ఈ పుటను మూయగనే మెట్లక్రిందను, అటకమీదను ఒకసారి వెదకుడు. అట్టి సీసా యున్నచో, నేడే ఇల్లు దాటింపుడు.