ముగింపు లేని సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో పాటలు అయ్యాక, వాక్యానికి ముందు కొంచెం వ్యవధి ఉంటుంది. “సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉంటే ముందుకు రండి” అంటారు పాస్టరుగారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె తలమీద కొంగు సర్దుకుంటూ లేస్తుంది. మైకు అందుకుని “అందరికీ వందనాలు” అని మొదలుపెడుతుంది. బిడ్డకు జబ్బు చేసింది, డాక్టర్లు పెదవి విరిచారు, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది, బిడ్డ లేచి కూర్చుంది. ఇంకో వారం ఇంకొకరు. అప్పులు, తాకట్లు, కన్నీళ్ళు, ఆఖరికి ఒక ఉద్యోగం. కష్టంతో మొదలై, గట్టెక్కడంతో మలుపు తిరిగి, స్తోత్రంతో ముగుస్తుంది. వినేవాళ్ళ చెవులు కూడా ఆ వరసకే అలవాటుపడ్డాయి. గట్టెక్కనివాళ్ళు మటుకు లేవరు. వాళ్ళ దగ్గర చెప్పడానికి మొదటి సగమే ఉంటుంది.

ఆ మొదటి సగంలోనే ఉండిపోయిన ఒకావిడ ఇంటికి ఈ మధ్య ఆదరణ కూడికకు వెళ్ళవలసి వచ్చింది. ఒంగోలుకు దగ్గర్లోని పల్లె. లారీ నడిపే భర్త నలభై రెండేళ్ళకే పోయాడు. ఇద్దరు పిల్లలు. వీధిలో షామియానా, అద్దెకు తెచ్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. పైనుంచి వచ్చిన ప్రసంగీకుడు, దేవుడు తన తోటలో మంచి పువ్వునే ముందుగా కోసుకుంటాడని చెప్పాడు. ఇందులో ఆయన సంకల్పం ఉందన్నాడు. ఈ శ్రమ రేపు దీవెన అవుతుందన్నాడు. గొంతు బాగుంది, ఉద్దేశమూ మంచిదే. ఆమె మాత్రం షామియానా గుంజకు కట్టిన తాడు ముడివైపే చూస్తూ కూర్చుంది. ఆ మాటలు ఆమె దాకా చేరాయో లేదో గానీ, పక్కనున్న మాకు ఇబ్బందిగా అనిపించింది.

ఆమె దాకా చేరినవి వేరే ఉన్నాయని తర్వాత తెలిసింది. సంఘంలో ముగ్గురు ఆడవాళ్ళు వంతులు వేసుకుని పది రోజులు మధ్యాహ్నం పూట క్యారేజీ తెచ్చారు. అన్నం, పప్పు, ఏదో ఒక కూర, కింద గిన్నెలో చారు. తెచ్చినవాళ్ళు ప్రసంగం చెయ్యలేదు. పిల్లలకు పెట్టి, గిన్నెలు కడిగి, కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయేవాళ్ళు. పదకొండో రోజు పొద్దున ఆమె తనంతట తాను లేచి, పెరట్లో దోటితో నాలుగు ములక్కాయలు కోసి, ఆ ఖాళీ క్యారేజీ మీద పెట్టి తిప్పి పంపింది. గిన్నె ఉత్తిగా తిప్పి పంపకూడదని మన ఇళ్ళల్లో ఉండే పట్టింపే. భర్త పోయాక ఆమె ఒకరికి ఇవ్వగలిగిన మొదటి వస్తువు అది. ఇప్పటికీ సాక్ష్యానికి లేవలేదట. మందిరానికి మాత్రం వస్తోందట. వెనక గుమ్మం పక్కన కూర్చుని, ఆఖరి ప్రార్థన కాకముందే వెళ్ళిపోతోందట.

ఇది విశ్వాసమేనా అని ఎవరన్నా అడిగితే, మా మటుకు ఇదే విశ్వాసం అంటాం.

బైబిల్లో యోబు కథ తెలియని క్రైస్తవ కుటుంబం ఉండదు. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే స్నేహితులు ముగ్గురు వచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ గ్రంథం మొత్తంలో వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. ఆ తర్వాత నోళ్ళు విప్పారు. ఏదో పాపం చెయ్యకపోతే ఇంత కష్టం రాదన్నారు, ఒప్పుకుంటే అంతా సర్దుకుంటుందన్నారు. అధ్యాయాలకు అధ్యాయాలు అదే. యోబు ఊరుకోలేదు, దేవుణ్ణే నిలదీశాడు. చివరికి దేవుడు యోబును గద్దించిన మాట నిజమే. కానీ తన గురించి సరిగా మాట్లాడలేదని కోపపడింది స్నేహితుల మీద. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్ళే దేవుడికి కోపం తెప్పించారు. ఆదరణ కూడికల్లో మాట్లాడే ముందు మనమంతా ఒకసారి గుర్తుచేసుకోవలసిన సంగతి ఇది.

ఒంగోలు ప్రస్తావన వచ్చింది గనుక ఆ నేలమీదే జరిగిన ఇంకో కథ. 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరం. ధాత కరువని మన పెద్దలు తరతరాలు చెప్పుకున్నది దాన్నే. దక్షిణాదిన అరకోటి మందికి పైగా పోయారు. కరువు పనికి వచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన చిల్లర డబ్బులు చాలని 1877 మొదట్లో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. పౌను అంటే అరకిలోకు తక్కువ. మట్టి పని చేసే ఒంటికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు.

అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నాడు. జనం క్లౌ దొర అనేవారు. కుర్రతనంలో తన దేశంలో సర్వే పని చేసినవాడు, కొలతలు తెలిసినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పనిని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కాలువ గట్టున రాజుపాలెం దగ్గర తాటాకు పాకలు లేచాయి. బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరి కింద వందేసి మంది. పలుగు పట్టేవాళ్ళు మగవాళ్ళు, తట్ట మోసేవాళ్ళు ఆడవాళ్ళు. పాకల్లోకి కలరా కూడా వచ్చింది. అలుపు తీర్చుకునే వేళ మేస్త్రీలు వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. ప్రయాసపడి భారం మోసేవాళ్ళను క్రీస్తు తన దగ్గరకు రమ్మన్న మాటనే మళ్ళీ మళ్ళీ చెప్పేవారని క్లౌ రాసుకున్నాడు. ఆ మాట మనం గోడకు తగిలించిన క్యాలెండర్లో చదువుతాం. వాళ్ళు నెత్తిమీది మట్టితట్ట దించి, చుట్టకుదురు పక్కనపెట్టి విన్నారు. భారం అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇక్కడే క్లౌ చేసిన ఒక పని మమ్మల్ని చాలాసేపు ఆపేసింది. బాప్తిస్మం కావాలని జనం గుంపులుగా వస్తుంటే, కరువు పనులు నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారా, దేవుడి కోసం వచ్చారా అని తానూ తేల్చుకోవాలి, వచ్చినవాళ్ళూ తేల్చుకోవాలి అనుకున్నాడు. లెక్కలు చూపించుకోవలసిన మిషనరీకి అది మామూలు నిగ్రహం కాదు. 1878 జూన్‌లో సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదు, ఇళ్ళకు వెళ్ళమన్నాడు. వాళ్ళు వెళ్ళలేదు. సాయం అడగడానికి రాలేదనీ, పని చేసుకుని బతుకుతామనీ, కాయలు కాసిన చేతులు చూపించారని ఆయన ఆత్మకథలో ఉంది. ఈసారి పంట కూడా పోతే ఎటూ చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తామన్నది వాళ్ళ వాదన. ఆ ఏడాది జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు. డిసెంబరు ఆఖరుకు ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

వీళ్ళను, ఎక్కువగా మాదిగపల్లెల వాళ్ళను, బియ్యం క్రైస్తవులని ఆనాడే వెక్కిరించినవాళ్ళున్నారు. ఆ మాట ఇంకా పోలేదు. కడుపు నిండినవాడు గుడికి వెళ్ళినా, మసీదుకు వెళ్ళినా, చర్చికి వెళ్ళినా అతని భక్తికి రుజువు అడిగేవాళ్ళుండరు. ఆకలితో ఉన్నవాడు దేవుడి పేరెత్తగానే లోకానికి అనుమానం పుట్టుకొస్తుంది. పరీక్ష రాసే పిల్లాడి మొక్కుబడికి లేని నిలదీత, మాదిగపల్లె మొక్కుబడికే ఎందుకో.

పైగా కరువుతోనే ఈ కథ మొదలైందనుకోవడమూ పొరపాటే. తాళ్ళకొండపాడుకు చెందిన తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మ 1866లోనే బాప్తిస్మం పొందారు. పేరయ్య అంతకుముందు యోగ మార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు, వెతుకులాట కొత్త కాదు. పల్లెలు పట్టి తిరిగి తనవాళ్ళకు చెప్పింది ఆయనే. అప్పట్లో చేరినవాళ్ళకు ముఖ్యంగా మూడు కట్టడులు ఉండేవి. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద చిన్నవే. పల్లెలో ఒక్కొక్కటీ ఒక్కో యుద్ధం. ఆదివారం పనికి రానంటే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరికే కోపం. చచ్చిన గొడ్డు వద్దన్నవాడి ఇంట్లో ఆ పూటకు కూరే ఉండదు. అంటే కరువుకు పదేళ్ళ ముందే వీళ్ళు కోరి కొన్ని కష్టాలు నెత్తిన వేసుకున్నారు. తప్పించుకోవడానికి దేవుడి దగ్గరకు వెళ్ళారనే వాదనకు ఈ పదేళ్ళు అడ్డం వస్తాయి. ఆ తర్వాత పల్లెల్లో బడులు వచ్చాయి, పలకలు వచ్చాయి. తోలు కుట్టే చేతులు అక్షరాలు దిద్దాయి. ఎదగడం అనే మాటను మేం ఇక్కడ వాడతాం. కష్టం వాళ్ళను ఎదిగించిందని మాత్రం అనలేం. అదే కరువు లక్షల మందిని కాలువ గట్టున, రోడ్డు పక్కన చంపేసింది కూడా. వెంట నడిచినవాళ్ళున్నచోట, మనిషి తలెత్తడానికి చోటు దొరికినచోట ఎదుగుదల కనిపించింది.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పడానికీ లేదు. కులం గుండ్లకమ్మ నీళ్ళలో కరిగిపోలేదు. ఏ పల్లెవాళ్ళ మందిరం ఏదో ఇవాళ్టికీ బోర్డు చూడకుండానే చెప్పగలిగినవాళ్ళున్నారు. వినుకొండలో పుట్టిన కవి జాషువా ఊరి అంటరానితనాన్నీ భరించాడు, మన పురాణాల మీద పద్యం రాశాడని తన మతస్థుల ఈసడింపునూ భరించాడు. ఆ మనిషే పెద్ద వయసులో ‘క్రీస్తు చరిత్ర’ రాసి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. రెండు గుమ్మాల దగ్గరా మాటపడ్డ మనిషికి క్రీస్తు మీద ప్రేమ ఎలా మిగిలిందో, ఏ ప్రసంగీకుడూ విప్పి చెప్పగా మేం వినలేదు.

ఇటీవలి కాలంలో సభల వాల్‌పోస్టర్లు చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. విడుదల, స్వస్థత, ఆశీర్వాదం, అదీ ఈ రాత్రికే. పదిహేను నెలలు ఆగగలిగిన క్లౌ దొర ఓపిక ఆ పోస్టర్ల మీద లేదు. విడుదల రాని మనిషి ఆ సభ నుంచి రెండు బరువులతో ఇంటికి వెళ్తాడు. ఒకటి తెచ్చుకున్న కష్టం, రెండోది తన విశ్వాసం చాలలేదేమో అనే బెంగ. మొదటి దానికి మందో మాకో ఉండొచ్చు. రెండోది మనం అంటగట్టినది.

సాక్ష్యాలు మానేయమని మా ఉద్దేశం కాదు. బిడ్డ బతికిన తల్లి మైకు పట్టుకుని ఏడిస్తే వినడం కంటే మంచి ఆరాధన ఏముంటుంది. ఒక్క విన్నపం మాత్రం. వచ్చే ఆదివారం ఆ మైకు చేతులు మారేటప్పుడు ఒకసారి వెనక గుమ్మం వైపు చూడండి. అక్కడ కూర్చున్నామెను లేవమని బలవంతపెట్టకండి. ఆఖరి ప్రార్థనకు ముందే ఆమె లేచి వెళ్ళిపోతుంటే మీరూ లేవండి, ఇంటిదాకా తోడు వెళ్ళండి. దారిలో దేవుడి సంకల్పం గురించి మాట్లాడనక్కర్లేదు. ఈ ఏడు ములగచెట్టు బాగా కాసిందా అని అడిగితే చాలు.