పండిన పనసకు ఇంట్లో చోటివ్వండి

పనసపండు పేరెత్తితే చాలు, ముక్కు మూసుకోవడం ఈమధ్య నాగరికత కింద చెల్లిపోతోంది. అదే మనుషులు పచ్చికాయను మాత్రం మాంసానికి ప్రత్యామ్నాయమని నెత్తిన పెట్టుకుంటున్నారు. కాయ అద్భుతం, పండు కంపు అనే ఈ వాదనకు నేను ససేమిరా ఒప్పుకోను.

పచ్చికాయ మీద నాకేం కోపం లేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించని గోదావరి జిల్లా పెళ్లిభోజనం నాకు వెలితిగానే ఉంటుంది. కానీ ఆ కూర పనసగానే గొప్పది. వంద గ్రాముల కోడిమాంసంలో మాంసకృత్తులు 20 గ్రాములు దాటితే, పనసలో మూడు గ్రాములు కూడా ఉండవు. పీచు చూపించి మాంసం అనుకోమనడం దేనికి?

ఇక వాసన సంగతి. కాయగా ఉన్నన్నాళ్లూ పనసకు ఆ ఘాటు ఉండదు. పక్వానికొచ్చేటప్పుడు పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, దాంతోపాటే ఎస్టర్లనే రసాయనాలు పుడతాయి. అరటిపండు పరిమళమూ ఈ జాతి రసాయనాల చలవే. ముళ్లు ఎడమయ్యాయా, తడితే బోలుగా మోగుతోందా అని చూస్తాం గానీ చివరి తీర్పు ముక్కుదే. కత్తికీ అరచేతులకూ నూనె రాసుకుని, పండును నిలువునా చీల్చి, మధ్య బొండు తీసేసి, పీచు పక్కకు తప్పించి తొన లాగితే ఆ వాసన గుప్పుమంటుంది. ఆ క్షణాన తిన్న తొన రుచి ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉండదు. చలికి వాసన అణిగిపోతుంది, రుచిలో సగం దానితోనే పోతుంది. నాలుకకు తీపి ఒక్కటే మిగులుతుంది. ఆ డబ్బా తిని పనస ఇంతేనా అని పెదవి విరవడం అన్యాయం.

వేడి చేస్తుందంటారు. పండంతా ఒక్కరే తినమని ఎవరూ అనలేదు కదా! చక్కెర జబ్బున్నవాళ్లు జాగ్రత్తపడాల్సిందే. మిగతావాళ్లు భోజనమయ్యాక నాలుగు తొనలు తింటే కొంపలేం మునగవు.

పనసలాగే ఘాటు వాసనుండే డూరియన్ పండును సింగపూర్ మెట్రో రైళ్లలోకి రానివ్వరు. అయినా కాలం వచ్చేసరికి అక్కడి గేలాంగ్ వీధుల్లో జనం బల్లల దగ్గర కూర్చుని ఆ పండే తింటారు. తలుపులు మూసిన పెట్టెకు ఆ నియమం సబబే. మన ఇళ్లకు కిటికీలున్నాయి. పనసకు పెద్దపీట వేసినవాళ్లూ ఉన్నారు. కేరళ 2018లో పనసను రాష్ట్ర ఫలంగా ప్రకటించుకుంది. బంగ్లాదేశ్‌కు అది జాతీయ ఫలం. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కాయలేమో పచ్చిగా ఉండగానే లారీలెక్కి ఒడిశా, బెంగాల్ వైపు వెళ్లిపోతాయి. పండును అడిగేవాళ్లు లేకపోతే రైతు దాన్ని చెట్టున ఎందుకు ఉంచుతాడు? పండేదాకా ఆగితే నష్టం అతనిదే. మనం ముక్కు మూసుకున్నందుకు కట్టే మూల్యం ఇది.

పనసకాయ దొరికినప్పుడే తద్దినం పెట్టుకోవాలని సామెత. తిథినే దానికోసం మార్చుకోమన్నంత విలువ ఇచ్చారు పెద్దలు. మనకు దాని కాలం మహా అయితే రెండు మూడు నెలలు. పది కిలోల పండు ఒక్క ఇంటికి ఎలాగూ ఎక్కువే. కోసిన రోజునే పై అంతస్తుకూ ఎదురింటికీ తొనలు పంపండి. వాసన వస్తోందని అడిగిన ఇంటికి అందరికంటే ముందు పంపండి.