ఎవరికి ఏ కొలువు?

విజయనగరం సమీపంలోని కోరుకొండ రాజభవనంలో 1962లో సైనిక పాఠశాల వెలసింది. విజయనగర సంస్థానాధిపతి పి.వి.జి. రాజుగారు ఆ భవనాన్ని అందుకోసం దానమిచ్చారు. అక్కడ కవాతు నేర్చిన బాలురెందరో సైన్యంలో అధికారులయ్యారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో వీరమరణం పొందిన కల్నల్ సంతోష్ బాబు వారిలో ఒకరు.

అధికారి అయిన తరువాత అతనిని ఎక్కడ నియమించాలి? మంచుకొండల కాపలాకా, శిక్షణాలయంలో బోధనకా, ఆయుధాగారానికా? ఒక్కని విషయమైతే పై అధికారి ఆలోచించి చెప్పగలడు. వేలమందికి వేల స్థానాలు చూపవలసి వచ్చినప్పుడు ఎంతటి జ్ఞాపకశక్తి అయినా చాలదు.

చిత్రమేమంటే, కోరుకొండ పాఠశాల పుట్టిన ఆ 1962లోనే గేల్, షాప్లీ అనే ఇద్దరు అమెరికా గణితవేత్తలు ఈ చిక్కుకు ఒక మార్గం చూపారు. అధికారులు తాము కోరే స్థానాలను, దళాలు తాము కోరే అధికారులను వరుసగా వ్రాయాలి. ప్రతి అధికారి పేరు ముందుగా అతని మొదటి కోరికకు వెళుతుంది. దళం తనకు నచ్చినవానిని తాత్కాలికంగా నిలుపుకొని తక్కినవారిని వదులుతుంది. వదిలినవారు రెండవ కోరికకు పోతారు. అక్కడ ముందే నిలిచినవానికంటె వీరే మెరుగని దళం తలిస్తే అతడు కదలవలసిందే. ఇలా సాగి ముగిసేసరికి, తమకు దక్కినదానికంటె ఒకరినొకరు ఎక్కువగా కోరుకునే అధికారి, దళం జంట ఒక్కటీ మిగలదు. పైగా మనసులోని కోరికను దాచి వ్రాసినందువల్ల అధికారికి లాభమేమీ లేదు. షాప్లీకి 2012లో నోబెల్ బహుమతి లభించింది. 2019లో అమెరికా సైన్యం అధికారుల నియామకాలకు ఈ పద్ధతినే కంప్యూటర్‌పై ప్రవేశపెట్టింది. మన ఐ.ఐ.టి. సీట్ల కేటాయింపులోనూ ఉన్నది ఈ సూత్రమే.

ఈ పద్ధతి మేలైనదే అని నా అభిప్రాయం. అయితే కంప్యూటర్‌కు మనం వ్రాసినదే తెలుస్తుంది. తల్లి మంచం పట్టిందని చెప్పుకోవడానికి సంకోచించే అధికారి బాధ అందులోకి ఎక్కదు. అందువల్ల యంత్రం జాబితాను సిద్ధం చేయాలి. ఆజ్ఞపై సంతకం మాత్రం మనిషిదే కావాలి. జాబితాను మార్చిన అధికారి కారణాన్ని వ్రాసి ఉంచాలి. లేకుంటే పాత సిఫారసులే కొత్త దారిన వచ్చి చేరుతాయి.

ఇక ఎవరూ కోరని స్థానాల మాట. అక్కడ గడిపిన ఏళ్లకు తరువాతి నియామకంలో విలువ కట్టాలి. మన రాష్ట్ర ఉపాధ్యాయ బదిలీలలో మారుమూల బడిలో చేసిన ప్రతి ఏటికీ ఎక్కువ పాయింట్లు ఇస్తున్నారు. సీతంపేట, కురుపాం కొండల్లో పాఠాలు చెప్పి వచ్చిన ఉపాధ్యాయులను అడిగితే ఆ లెక్క విలువ తెలుస్తుంది.