జీతం పెంపు కబురు ఎవరికి, ఎప్పుడు?

2025 ఏప్రిల్‌లో రావాల్సిన జీతాల పెంపును టీసీఎస్ వాయిదా వేసింది. జులైలో సుమారు 12 వేల మందిని తొలగిస్తామని చెప్పింది. ఆగస్టుకొచ్చేసరికి, దాదాపు 80 శాతం మందికి సెప్టెంబరు 1 నుంచి పెంపు ఉంటుందని తెలియజేసింది. పెంపు ఎంత శాతం అన్నదాని మీదే చర్చంతా నడిచింది. మేం అడిగేది వేరు. పనితీరు మీద తీర్పు ఎప్పుడు ఖరారైంది, ఉద్యోగికి ఎప్పుడు తెలిసింది, తెలిశాక జవాబు చెప్పుకోవడానికి ఎన్ని రోజులు మిగిలాయి?

సర్కారీ కొలువుల్లో చేరిన మన మొదటి తరానికి ఇది పాత గాయం. వాళ్లు దాన్ని ‘సీఆర్’ అనేవాళ్లు, అంటే కాన్ఫిడెన్షియల్ రిపోర్ట్. పై అధికారి ఏడాదికోసారి రాస్తాడు. ప్రతికూలంగా రాస్తేనే ఉద్యోగికి తెలపాలి. కానీ ఒక మనిషిని ఆపడానికి చెడ్డగా రాయాల్సిన పనే లేదు, ‘గుడ్’ అని రాస్తే చాలు. ప్రమోషన్‌కు ‘వెరీ గుడ్’ కావాలి కదా! ‘గుడ్’ ప్రతికూలం కాదు కాబట్టి ఎవరూ చెప్పరు. ఏళ్ల తర్వాత డీపీసీ కూర్చున్నప్పుడు సంగతి బయటపడుతుంది, అప్పటికి రాసినాయన రిటైరై ఉండొచ్చు కూడా. కులం పేరెత్తకుండా కులం పనిచేయడానికి ఇంతకన్నా అనువైన కాగితం మాకు కనబడలేదు.

దేవ్ దత్ కేసు కులం గురించి కాదు, అయినా మనకు పనికొచ్చింది. ఆయన సరిహద్దు రోడ్ల సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. 1993-94 నివేదికలో తనకు తెలియకుండా పడిన ఒక్క ‘గుడ్’ ఆయన ప్రమోషన్‌కు అడ్డొచ్చింది. ఏ ఎంట్రీ అయినా ఉద్యోగికి తెలపాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. మధ్యలో 2009 మే 14న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది: నివేదిక మొత్తం ఉద్యోగికి చూపాలి, అందిన 15 రోజుల్లో అభ్యంతరం రాసుకోవచ్చు. తన మీద రాసిన అధికారి కిందే పనిచేస్తూ ఆ అధికారి రాత తప్పని రాయడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఒక తేదీ, ఒక గడువు చేతికొచ్చాయి. ప్రమోషన్లలో రిజర్వేషన్ మాటెత్తగానే 335వ అధికరణంలోని ‘సామర్థ్యం’ ముందుకొస్తుంది. దాన్ని కొలిచేదీ ఈ కాగితాలతోనే.

ప్రైవేటులో ఆ 15 రోజులు ఇమ్మని ఏ చట్టమూ అనదు. బెల్ కర్వ్ నడిచే చోట మేనేజర్ మనల్ని పిలిచి కూర్చోబెట్టే సరికే రేటింగ్ పైన ఖరారై ఉంటుంది, ఆ మాటామంతీ లాంఛనం. ఏ రేటింగ్ ఏ సామాజిక వర్గానికి ఎంత దక్కిందో లెక్క చెప్పమనీ చట్టం అడగదు.

ఇక, రివ్యూ అన్న మాటే లేని మనవాళ్లున్నారు. కేంద్ర ఉద్యోగికి ఇంక్రిమెంటు జనవరి 1న లేదా జులై 1న వస్తుంది, దానికోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. అదే ఊళ్లో తెల్లారకముందే వీధులూడ్చే కాంట్రాక్టు కార్మికులకు అలాంటి తేదీ లేదు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని 1948 చట్టమే చెప్పింది. కానీ వీళ్లకు పెంపు మరో క్యాలెండరు చూసుకుని వస్తుంది. తెలంగాణలో 2023 మేడే నాడు పారిశుద్ధ్య కార్మికులకు నెలకు 1,000 రూపాయల పెంపు ప్రకటించారు, నవంబరు 30న ఎన్నికలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ కార్మికులు ఆ డిసెంబరు చివర్లో చీపుళ్లు పక్కన పెట్టి సమ్మెకు దిగారు. సంక్రాంతికి ముందు ప్రభుత్వం చర్చల్లో దిగొచ్చింది. అక్కడ ఎన్నికలు మే నెలలో.