పొడవు కాళ్ల జీవి, విచారించని మాట

మొన్న మగ్రిబ్ నమాజు తరువాత మదరసా వజూఖానా వద్ద నలుగురు పిల్లలు చీపుళ్లు పట్టుకొని నిలబడి ఉన్నారు. పైకప్పు మూలలో దారాల వంటి కాళ్లతో ఒక సాలీడు తలక్రిందులుగా వ్రేలాడుతోంది.

"హజ్రత్, దీని విషం పాము విషం కంటే తీవ్రమట! కోరలు పొట్టివి గనుక మనం బ్రతికిపోతున్నామట!" అన్నాడొకడు.

"ఎవరు చెప్పారు బేటా?"

"ఫోనులో వచ్చింది హజ్రత్."

ప్రియ పాఠకులారా! ఈ వదంతి అనేక దేశాలలో ప్రచారంలో ఉన్నదే. పొడవు కాళ్లను చూసి ప్రజలు రెండు వేర్వేరు జీవులను ఒకటిగా భావించటం కూడా పరిపాటి.

మొదటిది మన ఇళ్ల మూలల్లో కనిపించే సాలీడు. ఫోల్సిడే కుటుంబానికి చెందినది. దోమలు, ఈగలు, చివరకు ఇతర సాలీళ్లు కూడా దీని ఆహారమే. దూరంగా నిలబడి, వెనుక కాళ్లతో దారం విసిరి ఎరను చుట్టివేసి, ఆ తరువాతే కరుస్తుంది. తాకితే తన దేహాన్ని ఎంత వేగంగా ఊపుతుందంటే, కంటికి మసకగా తోస్తుంది. తల్లి సాలీడు గ్రుడ్ల మూటను పిల్లలు వెలువడే వరకు నోట కరచుకొనే ఉంటుంది. దీని విషం చిన్న పురుగులను లొంగదీయటానికే. మనిషికి ప్రాణాపాయం కలిగిస్తుందనటానికి ఆధారం లేదు.

రెండవది అసలు సాలీడే కాదు. శాస్త్రజ్ఞులు దీనిని ఓపిలియోనిస్ అనే వేరే వర్గంలో చేర్చారు. ఐరోపాలో పంటకోతల కాలంలో విరివిగా కనిపించటం వలన అక్కడ దానికి కోతల పేరు వచ్చింది. రాళ్ల క్రింద, రాలిన ఆకుల నడుమ, తేమ గల అడవులలో నివసిస్తుంది. నడుము లేని పూసలా ఉంటుంది దేహం. దీనికి విషగ్రంథులు లేవు, గూడు అల్లే దారమూ లేదు. సాలీడు ఎరను ద్రవంగా మార్చుకొని పీలుస్తుంది. ఇది మాత్రం చిన్న ముక్కలుగా త్రుంచి మ్రింగగలదు. చిన్న పురుగులు, చచ్చిన కీటకాలు, కుళ్లిన పండ్లు, బూజు అన్నీ తింటుంది. రెండవ జత కాళ్లతో, అంధుడు చేతికర్రతో తడిమినట్లు, దారి తెలుసుకుంటుంది. శత్రువు కాలు పట్టుకుంటే ఆ కాలిని వదలి పారిపోతుంది. పోయిన కాలు మరల మొలవదు.

ఇదంతా విన్న పిల్లలు చీపుళ్లు దించారు. "అయితే గూడు దులపవద్దా హజ్రత్?" అని ఒకడు అడిగాడు. పరిశుభ్రత కోసం దులపండి, జీవిని కాగితం మీదికి ఎక్కించి బయట వదలండి అన్నాను.

ఒక విషయం మాత్రం నన్ను ఆలోచింపజేసింది. ఎవరో పంపిన ఒక్క మాటకే, నిజమో కాదో విచారించకుండా, ఒక ప్రాణి మీదికి చీపుళ్లు లేచాయి. మన ఇళ్లలో బంధువుల గురించి, ఇరుగుపొరుగు గురించి వచ్చే మాటలనూ మనం ఇలాగే నమ్ముతున్నామా? పిల్లలకు ఈ ప్రశ్న వేసే ముందు పెద్దలమైన మనం వేసుకోవాలి.