ఆఖరి ఆట నాటి ఆలోచనలు

మార్చి మాసపు తొలి రోజులు. అమెరికా నడిబొడ్డున ఉన్న కాన్సస్ రాష్ట్రంలో చలి ఇంకా పూర్తిగా వీడిపోదు. అయినా లారెన్స్ పట్టణంలోని విశ్వవిద్యాలయ క్రీడామందిరం ఎదుట విద్యార్థులు మంచి చోటు కోసం గంటల తరబడి నిరీక్షిస్తారు. ఆనాడు తమ బాస్కెట్‌బాల్ జట్టు సొంత గడ్డపై ఆడే ఆఖరి లీగు ఆట. ఉన్నత విద్య కోసం వెళ్ళి, ఆ ఆటపై మనసు పారేసుకున్న తెలుగువారిలో నేనొకడిని. ఏటా ఆ రోజు రాగానే నాలో ఒకే ప్రశ్న తలెత్తుతుంది: నాలుగు నెలల నిలకడ గొప్పదా? ఒక్క రాత్రి గెలుపు గొప్పదా?

ఈ ఆట పుట్టుక చిత్రమైనది. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, చలికాలంలో ఆరుబయట ఆడలేని విద్యార్థుల కోసం పీచ్ పండ్ల బుట్టలను పది అడుగుల ఎత్తున తగిలించి, 13 నియమాలతో ఈ క్రీడను రూపొందించాడు. 1898లో ఆయన కాన్సస్ విశ్వవిద్యాలయంలో చేరి అక్కడి జట్టుకు తొలి శిక్షకుడయ్యాడు. ఆయన శిక్షణలో ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడింది. ఆ విశ్వవిద్యాలయ శిక్షకులలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువగా ఉన్నవాడు ఆట సృష్టికర్త ఒక్కడే! గెలుపొక్కటే గొప్పతనానికి కొలమానం కాదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

నేటి పోటీల తీరు తెలిస్తేనే నా ఆవేదన అర్థమవుతుంది. అగ్రశ్రేణిలో 360కి పైగా కళాశాలల జట్లున్నాయి. అవి ముప్ఫైకి పైగా లీగులుగా ఏర్పడి, నవంబరు నుండి మార్చి వరకు ఒక్కొక్కటి సుమారు 30 ఆటలు ఆడతాయి. అనంతరం ప్రతి లీగూ నాకౌట్ పద్ధతిలో చిన్న టోర్నమెంటు జరుపుతుంది. అందులో నెగ్గిన జట్టుకు జాతీయ పోటీలో నేరుగా ప్రవేశం లభిస్తుంది. మిగిలిన స్థానాలను ఒక ఎంపిక సంఘం నింపుతుంది. 1939లో 8 జట్లతో ఆరంభమైన ఈ జాతీయ పోటీ 2011 నాటికి 68 జట్లకు విస్తరించింది.

పెద్ద లీగులకు ఈ పద్ధతి వల్ల వచ్చే నష్టం స్వల్పం. వాటిలోని బలమైన జట్టు లీగు టోర్నమెంటులో ఓడినా ఎంపిక సంఘం దానిని విస్మరించదు. చిన్న లీగులకు మాత్రం సాధారణంగా దక్కేది ఒక్క స్థానమే. నాలుగు నెలలు అందరికంటే ముందు నిలిచిన జట్టు కూడా ఒక్క సాయంత్రం తడబడితే చాలు, జాతీయ పోటీకి దూరమైపోతుంది. ఏడాదంతా శ్రద్ధగా చదివిన విద్యార్థి ప్రవేశ పరీక్ష నాటి ఉదయం జ్వరంతో కూర్చుంటే ఏమవుతుందో మన ఇళ్ళలో తెలియనివారు లేరు. అక్కడి చిన్న కళాశాల ఆటగాడి వేదనా అటువంటిదే.

పెద్ద జట్ల అభిమానులకూ ఈ బాధ కొంత తెలుసు. కాన్సస్ జట్టు 2005 నుండి 2017 వరకు వరుసగా 13 ఏళ్ళు తన లీగులో అగ్రస్థానాన్ని సొంతంగానో, మరొక జట్టుతో పంచుకొనో నిలుపుకుంది. ఆ కాలంలో అది జాతీయ విజేతగా నిలిచింది ఒక్కసారే, 2008లో. 2010లో అగ్రస్థానంతో బరిలోకి దిగి రెండవ ఆటలోనే నార్తర్న్ అయోవా చేతిలో పరాజయం పాలయింది. జనం చిరకాలం గుర్తుంచుకున్నది ఆ పరాజయాన్నే.

అయితే ఎదుటివారి వాదనలోనూ బలం లేకపోలేదు. 2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ జట్టు, వర్జీనియా జట్టును 74–54 తేడాతో ఓడించింది. పురుషుల జాతీయ పోటీలో పదహారవ స్థానపు జట్టు మొదటి స్థానపు జట్టును ఓడించడం అదే ప్రథమం. అంతకు ముందు 135 సార్లు అది అసాధ్యంగానే మిగిలింది. ఆ బాల్టిమోర్ జట్టు తన లీగులో ప్రథమ స్థానంలో నిలిచినది కాదు. ఆ స్థానం వెర్మాంట్‌ది. లీగు టోర్నమెంటు తుది ఆటలో చివరి క్షణాలలో వెర్మాంట్‌ను ఓడించి అది జాతీయ పోటీకి వచ్చింది. లీగు విజేతలనే పంపాలన్న నియమం ఉండి ఉంటే ఆ అద్భుతాన్ని లోకం చూసేదే కాదు. ఈ సంగతిని నేను దాచదలచుకోలేదు.

కనుక టోర్నమెంట్లను రద్దు చేయమని నేను కోరను. లీగు విజేత వేరు, టోర్నమెంటు విజేత వేరు అయినప్పుడు ఇద్దరికీ ప్రవేశం కల్పించాలన్నదే నా అభిప్రాయం. పెద్ద లీగులలో గెలుపోటములు సమానంగా ఉన్న జట్లకు ఇచ్చే స్థానాలలో కొన్ని తగ్గిస్తే ఇందుకు సరిపోతుంది. పెద్ద జట్లుంటేనే ప్రేక్షకులు పెరుగుతారని, ఆదాయం వస్తుందని కొందరంటారు. నిజమే కావచ్చు. కానీ ఆదాయం కోసం న్యాయాన్ని పక్కన పెట్టడం విద్యాసంస్థలకు శోభించదు.

2020 మార్చి నాకు మరొక పాఠం నేర్పింది. ఆ ఏడాది కాన్సస్ జట్టు 28 ఆటలు గెలిచి, మూడింటిలో మాత్రమే ఓడి, దేశంలో ప్రథమ స్థానంలో ఉంది. మార్చి 12న కరోనా కారణంగా జాతీయ పోటీ రద్దయింది. కిరీటం లేదు, ఊరేగింపు లేదు. మిగిలింది నాలుగు నెలల ఆట మాత్రమే. మొదట కుమిలిపోయాను. తరువాత ఆలోచిస్తే, ఆ 28 గెలుపులలో ఏ ఒక్కటీ చెరిగిపోలేదని తెలిసివచ్చింది.

సొంత గడ్డపై ఆఖరి ఆట ముగిశాక, చదువు పూర్తిచేసుకొని వెళ్ళే ఆటగాళ్ళు మైకు అందుకొని మాట్లాడడం లారెన్స్‌లో ఆచారం. తల్లిదండ్రులను, గురువులను, సహచరులను తలచుకుంటూ గొంతు పూడిపోయేవారు ఎందరో! 2021 నుండి కళాశాల మారడం సులభమైంది. ప్రచారం ద్వారా ధనార్జనకూ దారి ఏర్పడింది. శ్రమించినవారికి ఫలం దక్కడం సమంజసమే. కానీ నాలుగేళ్ళు ఒకేచోట నిలిచి వీడ్కోలు పలికేవారు అరుదవుతున్నారు. అందుకే ఆ మాటలు నేడు మరింత విలువైనవిగా తోస్తాయి.

మరునాటి నుండి అందరి చూపూ నాకౌట్ పోటీల వైపే. నేనూ చూస్తాను, ఉత్కంఠతో కేకలు వేస్తాను. అయినా ఆ రాత్రి దీపాలు ఆర్పేవరకు క్రీడామందిరాన్ని విడిచి రాను. మెరుపును చూసి మురిసిపోదాం. కానీ రాత్రంతా వెలిగిన దీపాన్ని మరచిపోవడం మాత్రం తగదు.